దాంపత్యంలో పొడితనం: ఏ జెల్లీ, ఎవరికి?

కలయిక సమయంలో పొడితనం, మంట, నొప్పి గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలను ఒకచోట చేర్చి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఉత్తరాలను కుదించాం. రాసినవారిని గుర్తుపట్టగల వివరాలన్నీ తొలగించాం.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 39 సంవత్సరాలు. అధిక రక్తస్రావం వల్ల రెండేళ్ల కిందట గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆపరేషన్ అయిన కొన్నాళ్ల నుంచి మావారితో కలిసినప్పుడు లోపల గీరుకుపోయినట్టు మంట పుడుతోంది. మర్నాడు మూత్రానికి వెళ్లినా మంటే. నాకు ఆయన మీద ఇష్టం పోయిందని మావారు అనుకుంటున్నారు. కొబ్బరినూనె రాసుకుంటే కాస్త నయంగా ఉంటోంది గానీ సరిపోవడం లేదు. మా ఊరి మందుల షాపులో అడిగితే తిమ్మిరి ఎక్కించే జెల్లీ ఒకటి ఇచ్చారు. అది వాడవచ్చా? అసలు నాకు ఏ జెల్లీ మంచిది?
— ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: ముందుగా ఆ తిమ్మిరి జెల్లీని పక్కన పెట్టండి, అమ్మా. షాపులో మీకు ఇచ్చింది బహుశా లిగ్నోకైన్ జెల్లీ అయి ఉంటుంది. మూత్రం పోవడానికి గొట్టం వేసేటప్పుడు నొప్పి తెలియకుండా ఆసుపత్రుల్లో వాడే మందు అది. జారుడుగా ఉంటుంది కాబట్టి లూబ్రికెంట్ అడిగినవారికి దాన్నే అందించే షాపులు ఉన్నాయి. కానీ అది చర్మానికి స్పర్శ తెలియకుండా చేస్తుంది. పొర చిట్లుతున్నా, నెత్తురు వస్తున్నా ఆ క్షణంలో మీకు తెలియదు, తర్వాత మంట రెట్టింపవుతుంది. పైగా మీవారికి కూడా తిమ్మిరి ఎక్కుతుంది. కొన్ని ప్రత్యేకమైన నొప్పులకు వైద్యులు కొలత చెప్పి దీన్ని రాస్తారన్నది నిజమే గానీ, పొడితనానికి మాత్రం ఇది మందు కాదు.

ఇక మీ పొడితనానికి కారణం ఇష్టం పోవడం కాదు, అండాశయాలు పోవడం. యోని లోపలి పొరను మందంగా, సాగే గుణంతో, తేమగా ఉంచేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. దాన్ని ప్రధానంగా తయారుచేసేవి అండాశయాలు. సహజంగా ముట్లు ఉడిగే స్త్రీలలో ఆ హార్మోను కొన్నేళ్లపాటు మెల్లగా తగ్గుతూ వస్తుంది, శరీరం కొంత అలవాటు పడుతుంది. మన దేశంలో ఆ వయసు సగటున 46, 47 సంవత్సరాలు. అండాశయాలను ఆపరేషన్‌లో తీసేసినప్పుడు అదే మార్పు కొద్ది రోజుల్లోనే వచ్చిపడుతుంది. పొర పలచబడుతుంది, ఊరే తేమ తగ్గిపోతుంది, అక్కడ ఉండవలసిన ఆమ్లగుణం కూడా తగ్గుతుంది. మూత్రమార్గం పక్కనే ఉండి అదే హార్మోను మీద ఆధారపడుతుంది గనుక అక్కడా మంట మొదలవుతుంది. మనసులో కోరిక నిండుగా ఉన్నా ఈ పొరలో తేమ ఊరకపోవచ్చు. ఈ పేరాను మీవారి చేత చదివించండి. మీరు చెబితే సాకు అనిపించే మాట అచ్చులో కనబడితే ఒప్పుకునే మగవారు చాలామందే ఉన్నారు.

ఇక్కడ మన రెండు రాష్ట్రాల సంగతి ఒకటి చెప్పక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం చుట్టూ ఉన్నారు. వీరిలో అండాశయాలు కూడా తీయించుకున్నవారికి కలయికలో ఈ ఇబ్బంది వస్తుందని ఆపరేషన్‌కు ముందే చెప్పడం వైద్యుల బాధ్యత. చాలాచోట్ల ఆ మాట ఎవరూ చెప్పరు. మీకూ చెప్పి ఉండరనే అనుకుంటున్నాను.

ఇప్పుడు మీకు కావలసిన వాటి గురించి. పొడితనానికి మూడు రకాల ఉపశమనాలు ఉన్నాయి, షాపుల్లో మూడింటినీ కలిపేసి "జెల్లీ" అంటారు. కలయిక సమయంలో రాసుకుని ఆ కాసేపు రాపిడి లేకుండా చేసేది లూబ్రికెంట్. కలయికతో సంబంధం లేకుండా వారానికి రెండు మూడు సార్లు లోపల పెట్టుకుంటే పొర తేమను పట్టి ఉంచడానికి సాయపడేది వెజైనల్ మాయిశ్చరైజర్, వీటిలో హయాల్యురోనిక్ ఆమ్లం ఉన్నవి ఇప్పుడు పట్టణాల్లో దొరుకుతున్నాయి. మూడోది హార్మోను క్రీము, అంటే ఈస్ట్రియాల్ లాంటి ఈస్ట్రోజెన్‌ను తక్కువ మోతాదులో నేరుగా యోనిలో పెట్టుకోవడం. మొదటి రెండింటికీ చీటీ అక్కరలేదు. మూడోది వైద్యులు చూసి రాయవలసినది. మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు వాడమని సాధారణంగా చెబుతారు. రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. పలచబడిన పొరను తిరిగి మందంగా చేసేది ఈ మూడింటిలో ఇదొక్కటే. అయితే దాని ఫలితం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ లోపల లూబ్రికెంట్ వాడుకోవాలి. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందినవారు మాత్రం తమ క్యాన్సర్ వైద్యులను అడగకుండా హార్మోను క్రీము మొదలుపెట్టకూడదు.

లూబ్రికెంట్ విషయానికి వస్తే, మీరు నీటి ఆధారిత రకంతో మొదలుపెట్టండి. దాన్ని వాటర్ బేస్డ్ అని ట్యూబు మీద రాస్తారు. సులువుగా కడిగేయవచ్చు, బట్టలకు మరక అంటదు. అయితే నీటి ఆధారిత రకాలన్నీ ఒకటి కావు, మీలాగా పొర పలచబడినవారికి ఆ తేడా ముఖ్యం. జెల్లీలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి పదార్థాలు ఎక్కువగా కరిగి ఉంటే దాని గాఢత మన శరీర ద్రవాల గాఢత కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అప్పుడు అది పొరలోని కణాల నుంచి నీటిని బయటికి లాగుతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే. తేమ కోసం రాసుకున్నదే ఉన్న తేమను లాగేసి, పై కణాలు రాలిపోయేలా చేస్తుంది. రాసుకున్న కొంతసేపటికి మంట పుట్టడానికి ఇది ఒక కారణం. ఈ గాఢతను ఆస్మోలాలిటీ అంటారు. మన శరీర ద్రవాల్లో అది కిలోకు సుమారు 290 మిల్లీ ఆస్మోల్స్. లూబ్రికెంట్లలో అది 380 మించకుండా ఉంటే మేలనీ, అలాంటివి దొరకనప్పుడు 1200 లోపు ఉన్నవాటితో సరిపెట్టుకోవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. బజారులో దొరికే కొన్ని జెల్లీల్లో ఇది కొన్ని వేలలో ఉంటుంది.

మన దగ్గర అమ్మే ట్యూబుల మీద ఈ అంకె చాలా అరుదుగా కనబడుతుంది. అందువల్ల వెనక ముద్రించిన పదార్థాల జాబితా చదవండి. సాధారణంగా ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. నీటి తర్వాత వెంటనే గ్లిజరిన్ గానీ ప్రొపిలీన్ గ్లైకాల్ గానీ ఉంటే అది గాఢమైన జెల్లీ అని అనుకోవచ్చు. వాటికి బదులు చిక్కదనం కోసం కలిపే హైడ్రాక్సీ ఇథైల్ సెల్యులోజ్ ముందు ఉన్నవి, గ్లిజరిన్ లేదని రాసినవి, ఐసోటోనిక్ (శరీర ద్రవాలతో సమానమైన గాఢత) అని రాసినవి మీకు నప్పే అవకాశం ఎక్కువ. ఆమ్లగుణాన్ని తెలిపే పీహెచ్ విలువ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ) రాసి ఉంటే 4.5 చుట్టూ ఉన్నది తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న యోనిలో పీహెచ్ 3.8 నుంచి 4.5 వరకు ఉంటుంది, ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు అది 5 దాటుతుంది. సువాసన, రుచి, వెచ్చదనం, చల్లదనం అని ముందు పెద్ద అక్షరాలతో రాసిన రకాల జోలికి అసలు వెళ్లవద్దు. కొన్నది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు చూడండి, దద్దురు గానీ దురద గానీ రాకపోతే వాడండి.

వాడే పద్ధతి గురించి ట్యూబుల మీద సరిగా రాయరు. ఒక చుక్క వేసుకుని ఆగిపోకండి. రూపాయి బిళ్లంత జెల్లీని యోని ముఖద్వారం చుట్టూ, కాస్త లోపలికి, మీవారికి కూడా రాయాలి. మధ్యలో ఆరిపోతే మళ్లీ రాసుకోవడానికి మొహమాటపడకూడదు. నీటి ఆధారిత జెల్లీ ఆరిపోవడం సహజం, కొత్తగా వేయనక్కరలేకుండా రెండు చుక్కల నీళ్లు తగిలించినా కొన్ని జెల్లీలు తిరిగి జారుడుగా మారతాయి.

కొబ్బరినూనె సంగతి అడిగారు. మీకు గర్భసంచి లేదు కనుక గర్భనిరోధం కోసం కండోమ్ అవసరం లేదు. అందుచేత నూనె తగిలితే లేటెక్స్ (రబ్బరు) కండోమ్ బలహీనపడుతుందన్న పేచీ మీకు వర్తించదు. కల్తీ లేని, సువాసన కలపని కొబ్బరినూనె బయటి భాగానికి రాసుకుని మంట లేకుండా ఉంటే మానవలసిన పని లేదు. తలకు రాసుకునే సీసాలోనే వేళ్లు ముంచి తీయడం మాత్రం వద్దు, విడిగా చిన్న సీసాలో పోసి పెట్టుకోండి. వాసెలీన్ లాంటి పెట్రోలియం జెల్లీని లోపల వాడవద్దు. అది ఎంతసేపటికీ వదలదు, యోనిలో ఉండవలసిన మేలుచేసే సూక్ష్మజీవుల సమతుల్యం దెబ్బతిని దుర్వాసనతో తెల్లబట్ట కావడానికీ దానికీ సంబంధం కనబడింది.

చివరగా, మీ వయసుకు జెల్లీతో పని పూర్తి కాదు. 45 ఏళ్లకు ముందే అండాశయాలు పోయినవారికి ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం అనే ఇబ్బందులు కూడా ఉంటాయి. అందుకే వేరే అభ్యంతరాలు లేకపోతే సహజంగా ముట్లు ఉడిగే వయసు వరకు మాత్రల రూపంలోనో పూత రూపంలోనో హార్మోను ఇవ్వడం మంచిదన్నది వైద్యశాస్త్రం చెప్పే మాట. మీ ఆపరేషన్ కాగితాలు తీసుకుని జిల్లా ఆసుపత్రిలోనో దగ్గరలోని బోధనాసుపత్రిలోనో గైనకాలజిస్టును కలిసి ఈ విషయం ప్రత్యేకంగా అడగండి. మూత్రంలో మంటకు పరీక్ష కూడా అక్కడే చేయించండి, అది ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు.

ప్రశ్న: మాకు పెళ్లయి ఏడాది అయింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, రెండేళ్ల వరకు పిల్లలు వద్దనుకుని కండోమ్ వాడుతున్నాం. మా ఆవిడకు రాపిడి తగ్గుతుందని బేబీ ఆయిల్ రాస్తున్నాం. ఈ నెలలోనే కండోమ్ రెండుసార్లు చిరిగింది. కంపెనీ మార్చాలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కంపెనీ మార్చనక్కరలేదు, నూనె మార్చండి. మామూలు కండోమ్ లేటెక్స్‌తో, అంటే రబ్బరు పాలతో చేస్తారు. బేబీ ఆయిల్‌లో ఉండే మినరల్ ఆయిల్ తగిలిన కొద్ది నిమిషాల్లోనే లేటెక్స్ బలం చాలావరకు పోతుంది. చూడటానికి కండోమ్ మామూలుగానే ఉంటుంది, చిరిగిన తర్వాతే సంగతి తెలుస్తుంది. కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం, నెయ్యి, వెన్న, వాసెలీన్, చేతులకు రాసుకునే లోషన్లు, మసాజ్ నూనెలు, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. ఇంకొకటి చాలామందికి తెలియదు. తెల్లబట్టకు, దురదకు యోనిలో పెట్టుకునే కొన్ని మందుబిళ్లల్లో, క్రీముల్లో కూడా నూనె పదార్థం ఉండి లేటెక్స్‌ను బలహీనపరుస్తుంది. అలాంటి చికిత్స సాగుతున్న రోజుల్లో కండోమ్ మీద భరోసా పెట్టుకోకూడదు.

మీకు పనికివచ్చేవి నీటి ఆధారిత, సిలికోన్ ఆధారిత లూబ్రికెంట్లు. రెండూ లేటెక్స్‌కు హాని చేయవు. నిజానికి కండోమ్ మీద ముందే పూసి ఉండే జిగురు సాధారణంగా సిలికోన్ నూనే. జెల్లీని కండోమ్ తొడిగిన తర్వాత పైన రాయాలి. లోపల ఒకటి రెండు చుక్కలకు మించి వేస్తే కండోమ్ జారిపోతుంది. నొనాక్సినాల్-9 అనే శుక్రకణ నాశిని కలిపిన రకాలు అదనపు రక్షణ ఇస్తాయనుకుని కొనకండి. తరచుగా వాడితే అది యోని పొరను దెబ్బతీసి పుళ్లు చేస్తుంది, అప్పుడు హెచ్‌ఐవీ వంటివి సోకే ముప్పు తగ్గకపోగా పెరుగుతుంది.

కండోమ్ చిరిగిన రెండు సందర్భాల్లో చివరిది ఎప్పుడు జరిగిందో రాయలేదు. మూడు రోజులు దాటకపోతే అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది. అంతకన్నా ముందు జరిగి, నెలసరి తప్పితే మూత్ర పరీక్ష చేసుకోండి.

మరొక మాట. మీ శ్రీమతికి పాతిక, ముప్ఫై ఏళ్ల వయసే ఉంటుంది కనుక హార్మోను లోపం ఉండే అవకాశం తక్కువ. ఆఫీసు నుంచి వచ్చిన అలసటతో, తగినంత సేపు దగ్గరితనం లేకుండా తొందరపడితే ఏ వయసులోనైనా తేమ ఊరదు. జలుబుకు, అలర్జీకి వేసుకునే సెట్రిజిన్ లాంటి మాత్రలు, మానసిక ఒత్తిడికి ఇచ్చే కొన్ని మందులు కూడా తేమను తగ్గిస్తాయి. జెల్లీ వాడుతూనే ఈ రెండూ గమనించండి.

ప్రశ్న: పెళ్లయి మూడేళ్లయినా సంతానం కలగలేదు. అండం విడుదల కావడానికి మందులు వాడుతున్నాను. డాక్టరు చెప్పిన రోజుల్లోనే కలవాలంటే మనసు బిగుసుకుపోయి పొడిగా ఉంటోంది. జెల్లీ వాడితే శుక్రకణాలు చచ్చిపోతాయని మా అత్తగారి తరఫు బంధువు ఒకరు చెప్పారు. నిజమేనా?
— ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: సగం నిజం. ప్రయోగశాలలో శుక్రకణాలను చాలా రకాల మామూలు లూబ్రికెంట్లలో వేసి చూసినప్పుడు వాటి కదలిక బాగా మందగించింది. లాలాజలం కూడా అదే పని చేస్తుంది, కనుక ఉమ్మి వాడితే ఫరవాలేదనే మాట సరికాదు. అయితే లూబ్రికెంట్ వాడుతూ గర్భం కోసం ప్రయత్నించిన దంపతులను, వాడని దంపతులను పోల్చిన పరిశీలనలో గర్భం నిలవడంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. గాజు నాళికలో కనబడిన హాని పడకగదిలో అంతగా కనబడలేదన్నమాట. గర్భనిరోధక సాధనంగా జెల్లీ పనికిరాదు అనడానికి కూడా ఇదే ఆధారం.

అయినా మూడేళ్లుగా ఎదురుచూస్తున్నవారు చిన్న అడ్డంకి కూడా ఉండకూడదనుకోవడం సబబే. గర్భధారణకు అనువైనవి అని, అంటే ఫర్టిలిటీ ఫ్రెండ్లీ అని రాసి అమ్మే రకాలు ఉన్నాయి. వాటిని హైడ్రాక్సీ ఇథైల్ సెల్యులోజ్‌తో, శుక్రకణాలకు సరిపడే గాఢతతో, 7కు పైన పీహెచ్‌తో తయారుచేస్తారు. పై ఉత్తరానికి చెప్పిన 4.5 పీహెచ్ సలహా మీకు ఈ రోజుల్లో వర్తించదు. ఆ ఆమ్లగుణం శుక్రకణాలకు పడదు. ఇవి పెద్ద పట్టణాల మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

మీరు వాడుతున్న మందు పేరు రాయలేదు. అది క్లోమిఫీన్ అయితే, గర్భాశయ ముఖం దగ్గర ఊరే జిగురును తగ్గించడం దాని స్వభావంలోనే ఉంది కాబట్టి మీ పొడితనానికి మనసు బిగుసుకుపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. మీ వైద్యురాలికి చెప్పండి, మందు మార్చే వీలుంటుంది. మీవారి వీర్య పరీక్షకు నమూనా ఇచ్చేటప్పుడు మాత్రం ఏ జెల్లీ గానీ, నూనె గానీ, సబ్బు గానీ వాడకూడదు, నివేదిక తప్పుగా వస్తుంది.

ప్రశ్న: మా బాబుకు నాలుగో నెల. కాన్పులో కుట్లు పడ్డాయి, అవి మానిపోయాయని డాక్టరమ్మ చెప్పారు. కానీ కలయికంటేనే భయంగా ఉంది, అంత పొడిగా ఉంటోంది. పాలిస్తున్న తల్లి జెల్లీ వాడితే బిడ్డకు ఏమైనా అవుతుందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బిడ్డకు ఏమీ కాదు. నీటి ఆధారిత జెల్లీ పాలలోకి చేరదు. పాలు ఇస్తున్నంత కాలం ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా ఉండి, అండాశయాలను నిద్రాణంగా ఉంచుతుంది. అందువల్ల మీ వయసులోనే ముట్లు ఉడిగినవారికి వచ్చే పొడితనం తాత్కాలికంగా వస్తుంది. పాలు తగ్గించి, నెలసరి తిరిగి మొదలైన తర్వాత చాలామందికి అదే సర్దుకుంటుంది. సువాసన లేని, గ్లిజరిన్ తక్కువ ఉన్న రకం తీసుకోండి. కుట్లు పడిన చోట ముట్టుకుంటే గుచ్చుతున్నట్టు నొప్పి ఉంటే మాత్రం అది పొడితనం కాదు, మచ్చ గట్టిపడి ఉండవచ్చు, మళ్లీ చూపించుకోండి. నెలసరి రాలేదు కదా అని గర్భం రాదనుకోవద్దు. కండోమ్ వాడుతుంటే, బాలింతలకు ఒళ్లు రుద్దే నూనె చేతులకు అంటుకుని ఉన్నప్పుడు దాన్ని తాకకండి.

ప్రశ్న: నాకు 61, నా భార్యకు 56 సంవత్సరాలు. ఆమెకు పదేళ్లుగా షుగర్ ఉంది. వెచ్చదనం కలిగిస్తుందని రాసిన జెల్లీ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. రాసిన వెంటనే మంటతో లేచి కూర్చుంది. ఈ వయసులో ఇవన్నీ ఎందుకని ఇప్పుడు అసలు వద్దంటోంది. షాపులో నిలబడి అడగడానికి నాకూ మొహమాటమే.
— ఒక విశ్రాంత ఉద్యోగి, వరంగల్

జవాబు: ఈ వయసులో ఎందుకు అన్న మాటకు వైద్యపరంగా ఏ ఆధారమూ లేదు. కానీ మంటతో లేచి కూర్చున్న మనిషి అన్న మాట అది, దాన్ని వయసు ఖాతాలో వేయకండి. వెచ్చదనం జెల్లీల్లో గాఢత ఎక్కువ, కొన్నింటిలో మిరప సారం, పుదీనా సారం వంటివి కూడా కలుపుతారు. పలచబడిన పొరకు అవి తగిలితే మంట పుట్టకుండా ఉండదు. మిగిలిన ట్యూబును పారవేయండి.

మళ్లీ మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయండి. మొదటిది, గత మూడు నెలల షుగర్ సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఆమెకు చేయించండి. షుగర్ అదుపులో లేనప్పుడు యోనిలో ఫంగస్ పెరిగి, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, దురద, మంట వస్తాయి. అది ఉండగా ఎంత మంచి జెల్లీ రాసినా మండుతుంది. అదే ఫంగస్ మీకు కూడా అంటి ఉండవచ్చు, అంగం ముందు భాగంలోని చర్మం బిగుసుకున్నా, ఎర్రబడినా మీరూ చూపించుకోండి. రెండోది, పైన పల్నాడు సోదరికి చెప్పిన హార్మోను క్రీము మీ భార్యకు కూడా సరిపడవచ్చు కనుక గైనకాలజిస్టు సలహా తీసుకోండి. మగవారి బలహీనతకు మాత్రలు వేసుకుని తామొక్కరే సిద్ధమై, భార్య శరీరం సిద్ధంగా ఉందో లేదో చూడని భర్తలను గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. మీరు ఆ కోవలో లేరని మీ ఉత్తరమే చెబుతోంది.

ఫంగస్ లేదని తేలిన తర్వాత మీ ఇద్దరికీ నేను సిలికోన్ ఆధారిత లూబ్రికెంటే సూచిస్తాను. అందులో నీరు ఉండదు కాబట్టి గాఢత లెక్క, పీహెచ్ లెక్క దానికి లేవు. పొరలోకి ఇంకదు, త్వరగా ఆరదు, కొద్దిగా రాస్తే చాలు. మాటిమాటికీ రాసుకునే ఇబ్బంది ఉండదు గనుక పెద్ద వయసువారికి ఇది హాయి. ధర నీటి ఆధారిత రకం కన్నా ఎక్కువే. దుప్పట్లకు మరక పడుతుంది, సబ్బు పెడితే గానీ చర్మాన్ని వదలదు, నేల మీద పడితే టైల్స్ ప్రమాదకరంగా జారతాయి. ఈ చివరిది మీ వయసులో తేలికగా తీసుకోవద్దు, స్నానాలగదిలోకి వెళ్లే ముందు చేతులు, పాదాలు తుడుచుకోండి. గర్భసంచి జారినందుకు ఆమెకు సిలికోన్ రింగు పెట్టి ఉంటే మాత్రం సిలికోన్ జెల్లీ వద్దు, ఆ పదార్థాన్ని ఇది పాడుచేయవచ్చు.

షాపులో అడగడానికి ఒక చిన్న చీటీ మీద "వాటర్ బేస్డ్" లేదా "సిలికోన్ బేస్డ్ పర్సనల్ లూబ్రికెంట్, సువాసన లేనిది" అని రాసి మిగతా మందుల చీటీతోపాటు ఇవ్వండి. ఒట్టి "జెల్లీ" అంటే మళ్లీ ఆ తిమ్మిరి జెల్లీయే చేతికి రావచ్చు.

ప్రశ్న: పెళ్లయి ఎనిమిది నెలలు. ఇంతవరకు ఒక్కసారి కూడా కలయిక పూర్తి కాలేదు. దగ్గరికి రాగానే తొడలు బిగుసుకుపోతాయి, గోడ అడ్డం ఉన్నట్టుంటుంది. నాలుగు రకాల జెల్లీలు మార్చాం. ఇంకా మంచిది ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీకు ఐదో జెల్లీ వద్దు. మీరు చెప్పిన లక్షణాలు వెజినిస్మస్ అనే పరిస్థితిని తలపిస్తున్నాయి. యోని చుట్టూ ఉన్న కండరాలు మీ ప్రమేయం లేకుండానే బిగుసుకుపోవడం అది. మొండితనం కాదు, లోపల అడ్డు ఉండటమూ సాధారణంగా కాదు. అయినా పరీక్ష చేసి చూడటం అవసరం. కటి కండరాలను వదులు చేసే వ్యాయామాలు, యోనిని మెల్లగా సాగదీయడానికి చిన్న సైజు నుంచి పెద్ద సైజుకు క్రమంగా వాడే డైలేటర్లు అనే సాధనాలు, మాటల ద్వారా భయం తీసే కౌన్సెలింగ్ కలిపి చేసే చికిత్సతో చాలామంది కోలుకుంటారు. డైలేటర్లకు రాసుకోవడానికి నీటి ఆధారిత జెల్లీ కావాలి, అంతవరకే దాని పాత్ర. అప్పటిదాకా ప్రయత్నాలు పూర్తిగా ఆపండి. నొప్పితో చేసే ప్రతి ప్రయత్నం ఆ బిగువును పెంచుతుంది. ఈ సమాధానం మీవారికి, అవసరమైతే మీ అమ్మగారికి కూడా చూపించండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. ఇక్కడి షాపుల్లో ముప్ఫై రకాలు కనిపిస్తాయి. సహజమైనవి, ఆర్గానిక్ అని రాసినవి అన్నిటికన్నా మంచివేనా?
— ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: కాదు. ఆర్గానిక్ అని రాసిన జెల్లీలోనూ గ్లిజరిన్ నిండుగా ఉండవచ్చు, ఆర్గానిక్ కొబ్బరినూనె కూడా లేటెక్స్‌ను చింపుతుంది. మీకున్న సదుపాయం వేరు. అమెరికాలో పర్సనల్ లూబ్రికెంట్లను ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వైద్య పరికరాల కింద లెక్కిస్తుంది. అందుచేత ఏ రకం కండోమ్‌తో పనికివస్తుందో, ఏ రకంతో పనికిరాదో డబ్బా మీద విడివిడిగా రాసి ఉంటుంది. కండోమ్ తయారీకి వాడే లేటెక్స్, పాలీ ఐసోప్రీన్, పాలీ యూరిథేన్ అనే మూడు పదార్థాల్లో మీరు వాడేది ఏదో చూసుకుని దానికి సరిపోల్చండి. ఆస్మోలాలిటీ, పీహెచ్ అంకెలను తమ వెబ్‌సైట్లలో పెట్టే తయారీదారులు కూడా ఉన్నారు, అడిగితే చెప్పేవారూ ఉన్నారు. ఇండియా వచ్చేటప్పుడు అత్తగారికో అమ్మగారికో తెచ్చిపెట్టాలనుకుంటే విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు మించిన సీసాను అనుమతించరు, పెద్ద సామానులో పెట్టుకోండి.